మన పిల్లల గుండెకు ప్రాణమున్న వాల్వ్ కావాలి: ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీకి, మంగళగిరి ఎయిమ్స్‌కు, గన్నవరం పశువైద్య కళాశాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి, మంగళగిరి ఎయిమ్స్ డైరెక్టర్ గారికి, గన్నవరం పశువైద్య కళాశాల పెద్దలకు నమస్కారాలు.

నేను గుంటూరు కొత్తపేటలో ఒక చిన్న ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. పెళ్లికి ముందు నుంచీ ఇదే పని. రోజూ పొద్దున్నే పరగడుపున వచ్చి కూర్చునే వాళ్లలో, రక్తం గడ్డ కట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే పీటీ ఐఎన్ఆర్ పరీక్షకు వచ్చేవాళ్లు నాకు చీటీ చూడకుండానే తెలుస్తారు. చేతికి సూది గుచ్చి తీయగానే దూదిని వాళ్లే గట్టిగా నొక్కి పట్టుకుంటారు, అయిదు నిమిషాల దాకా వదలరు. రక్తం తొందరగా ఆగదని వాళ్లకు తెలుసు.

ఆ పరీక్షకు నీలం మూత ట్యూబు వాడతాం. అందులో రక్తం గడ్డ కట్టకుండా ముందే కొంచెం సిట్రేట్ ఉంటుంది. ట్యూబు మీద గీత ఉంటుంది, రక్తం సరిగ్గా ఆ గీత దాకా రావాలి. తక్కువ పడితే రక్తం ఉన్నదానికంటే పల్చగా ఉన్నట్టు రిపోర్టు వస్తుంది. ఆ రిపోర్టు చూసి డాక్టరు రక్తం పల్చన చేసే మాత్ర తగ్గిస్తారు. తగ్గించిన మాత్రతో ఇంటికి వెళ్లిన మనిషి గుండెలో, పాడైన కవాటం బదులు పెట్టిన మెటల్ వాల్వ్ మీద, రక్తం గడ్డ కట్టవచ్చు. అందుకే నరం దొరకని రోజున నాకు చెమటలు పడతాయి. ట్యూబులో నాలుగు చుక్కలు తగ్గినా పారేసి మళ్లీ గుచ్చుతాను. తిట్టినా పడతాను.

ఇలా వచ్చేవాళ్లలో నా కంటికి ఎక్కువగా కనిపించేది పెద్దవాళ్లు కాదు. ఇరవై అయిదేళ్ల, ముప్పై ఏళ్ల ఆడవాళ్లు. పల్నాడు నుంచి, బాపట్ల వైపు నుంచి తెల్లవారుజాము బస్సెక్కి వస్తారు. ఆ రోజు కూలి పోయినట్టే.

వాళ్లలో ఒకరు నా సొంత చెల్లెలు.

తనకు పదకొండో ఏట గొంతునొప్పి, జ్వరం వచ్చాయి. అమ్మ ఉప్పునీళ్లు పుక్కిలించమంది, మిరియాల కషాయం ఇచ్చింది. తగ్గిపోయింది. రెండు మూడు వారాల తర్వాత మోకాళ్లు వాచాయి. అవి తగ్గాక మోచేతులు. నాన్న మిర్చి యార్డులో హమాలీ. ఎదిగే పిల్ల కదా, కీళ్లు లాగుతాయిలే అన్నారు ఊళ్లో అందరూ. అది రుమాటిక్ జ్వరమని మాకు తెలియదు. గొంతులో చేరిన స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మక్రిమిని చంపబోయి, శరీరం తన గుండెనే శత్రువనుకుని కొట్టే జబ్బు అది. మెడిసిన్ చదివే పిల్లలకు ఒక మాట చెబుతారట: ఈ జబ్బు కీళ్లను నాకి వదిలేస్తుంది, గుండెను మాత్రం కరుస్తుంది. ఎక్కువగా కరిచేది ఎడమవైపు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వ్‌ని. గొంతునొప్పి నాడే ఒక్క పెనిసిలిన్ సూది పడి ఉంటే మా కథ వేరేగా ఉండేది. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా అమ్మ ఇప్పటికీ ఏడుస్తుంది.

పద్దెనిమిదేళ్లకు మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. 2010లో ఆ వాల్వ్ మార్చే ఆపరేషన్. ఆరోగ్యశ్రీ లేకపోతే మా ఇంట్లో ఆ డబ్బు పుట్టేది కాదు, ఆ మాట చెప్పకుండా ముందుకు వెళ్లడం అన్యాయం. ముందురోజు సాయంత్రం సర్జన్ గారు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు. పంది వాల్వ్ గానీ ఆవు గుండె పొరతో చేసిన వాల్వ్ గానీ పెడితే జీవితాంతం మాత్రలు అక్కర్లేదు, కానీ ఈ వయసులో అది పదేళ్లకో పన్నెండేళ్లకో గట్టిపడి పాడవుతుంది, మళ్లీ ఛాతీ తెరవాలి. మెటల్ వాల్వ్ అయితే మన్నుతుంది, కానీ రక్తం గడ్డ కట్టకుండా ఆఖరి రోజు దాకా మాత్ర మింగాలి. "రెండిట్లో ఏది తీసుకున్నా ఒక బాధ ఉంటుందమ్మా" అన్నారు. ఆయన నిజం చెప్పారు. నాన్న వేలిముద్ర వేశారు.

మెటల్ వాల్వ్‌కి చప్పుడు ఉంటుంది. పగలు తెలియదు. రాత్రి కరెంటు పోయి ఫ్యాను ఆగితే, పక్క మంచం మీద పడుకున్న నాకు వినిపించేది, టిక్ టిక్ టిక్ అని. మొదట్లో భయం వేసేది. తర్వాత ఆ చప్పుడు వింటూనే నిద్రపోయేదాన్ని.

గుంటూరులో పుట్టిన మనిషికి గోంగూర తినాలంటే భయం ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె ఆ మాత్రకు విరుగుడులా పనిచేస్తుంది. మానేయక్కర్లేదు, రోజూ ఒకే పాళ్లలో తింటే మాత్రను దానికి తగ్గట్టు సర్దవచ్చు అని తెలిసిన డాక్టర్లు చెబుతారు. కానీ ఎక్కువమందికి ఎవరో ఒకరు "ఆకుకూరలు మానెయ్" అని ఒక్క ముక్క చెప్పి పంపేస్తారు. పెళ్లిళ్లలో చెల్లి విస్తట్లో గోంగూర పచ్చడి వడ్డించకుండా నేను చెయ్యి అడ్డం పెట్టిన రోజులున్నాయి. ఇప్పుడు తెలిసి సిగ్గుపడుతున్నాను.

2014లో పెళ్లయింది. అత్తవారికి దాపరికం లేకుండా అన్నీ చెప్పే చేశాం. 2016లో నెల తప్పింది. రక్తం పల్చన చేసే ఆ మాత్ర కడుపులో బిడ్డకు మంచిది కాదు, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో. కానీ ఊరికే ఆపితే తల్లికి ప్రమాదం. ఆ సమయంలో తల్లికి ఏం ఇవ్వాలో, మాత్ర బదులు రక్తం గడ్డ కట్టకుండా చూసే హెపారిన్ సూదులకు ఎప్పుడు మార్చాలో, రక్తం ఎన్నిసార్లు పరీక్షించాలో గుండె డాక్టరు, కాన్పుల డాక్టరు కలిసి కూర్చుని నిర్ణయించాలి. తను చూపించుకున్న చోట మాత్ర ఆపమన్నారు, బదులుగా ఏదీ రాయలేదు. తను మాకు ఫోన్ చేసి చెప్పలేదు, డాక్టరు చెప్పారు కదా అనుకుంది. తొమ్మిదో రోజు రాత్రి ఆయాసంతో పుట్టింటికి వచ్చింది. నేను ఫ్యాను ఆపి, తన ఛాతీకి చెవి ఆనించి విన్నాను.

చప్పుడు లేదు.

గడ్డ కట్టి వాల్వ్ కదలడం లేదన్నమాట. ఆటోలో వేరే ఆసుపత్రికి తీసుకెళ్లాం. గడ్డ కరిగించే మందు ఎక్కించారు. చెల్లి బతికింది. బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత వాళ్లు మళ్లీ పిల్లల మాట ఎత్తలేదు.

ఎవరి మీదో ఫిర్యాదు చేయడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. లోహానికీ, చచ్చిన పంది వాల్వ్‌కీ మధ్య ఎంచుకోవాల్సిన గతి మా పిల్లలకు ఇంకెన్నాళ్లు అని అడగడానికి రాస్తున్నాను. మూడో దారి కోసం ప్రపంచంలో ముప్పై ఏళ్లుగా పని జరుగుతోంది: రోగి సొంత కణాలతో వాల్వ్ పెంచడం. ఆ పనిలో మన ఊరికీ వాటా ఉండాలని నా కోరిక. వాటా ఎందుకంటే, ఆ పని మనకోసం ఇంకెవరూ చేయరు. ఎందుకు చేయరో చెబుతాను.

చదవగలిగినంత చదివాను, అర్థమైనంత రాస్తున్నాను. దొండపాదుకు పందిరి వేసినట్టు ముందు వాల్వ్ ఆకారంలో ఒక పందిరి అల్లుతారు. ఆపరేషన్లలో వాడే కరిగిపోయే కుట్ల దారం ఉంటుంది కదా, ఆ రకం పదార్థంతోనే. రోగి రక్తనాళం నుంచో ఎముక మూలుగ నుంచో కణాలు తీసి, ల్యాబ్‌లో పెంచి, ఆ పందిరి మీద పరుస్తారు. గుండె కొట్టుకున్నట్టు ద్రవాన్ని ముందు మెల్లగా, రానురాను వేగంగా దాని గుండా పంపుతారు. ఆ తాకిడికి కణాలు తమ చుట్టూ కొల్లాజెన్ పీచు అల్లుకుంటాయి. పందిరి కరిగిపోతుంది, పాదు నిలుస్తుంది. బోస్టన్‌లో షినోకా అనే సర్జన్, ఆయన తోటివాళ్లు 1995లో గొర్రెపిల్లల్లో ఇలా వాల్వ్‌లో తెరుచుకుని మూసుకునే ఒక్క రేకును పెట్టి చూపించారు. 2000లో హోర్‌స్ట్రుప్ అనే పరిశోధకుడి బృందం మూడు రేకుల వాల్వ్‌ని మొత్తంగా పెంచి గొర్రెపిల్లలకు అమర్చింది. ఇరవై వారాలకు అది మామూలు వాల్వ్‌ని పోలి తయారైంది.

ప్రాణమున్న రేకుకు ఉండే గొప్పతనం ఒకటే. గుండె రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది, ప్రతిసారీ ఒక మిల్లీమీటరు మందం కూడా లేని ఆ రేకు మడతపడి విచ్చుకుంటుంది. మన రేకులో ఉండే కణాలు అరిగినచోట ఎప్పటికప్పుడు మరమ్మతు చేసుకుంటాయి. లోహం చేసుకోలేదు. మందులో ఊరబెట్టిన పంది రేకూ చేసుకోలేదు. పైగా అవి పిల్లతోపాటు పెరగవు. ఆరేళ్ల పిల్లకు పెట్టిన వాల్వ్ పదహారేళ్లకు ఇరుకైపోతుంది.

ఇందులో దెబ్బలు కూడా తగిలాయి, అవి దాచి మీ ముందు ఆశలు పరచను. ల్యాబ్‌లో పెరిగిన కణాలు గాయం మానేటప్పుడు మచ్చ ముడుచుకున్నట్టు రేకును లాగేస్తాయి, రేకులు కురచై వాల్వ్ లీకవుతుంది. ఈ చిక్కు ఇంకా పూర్తిగా వీడలేదు. కణాలు కడిగేసిన పంది వాల్వ్‌లను 2001లో యూరప్‌లో నలుగురు పిల్లలకు పెడితే ముగ్గురు చనిపోయారు. ఆ సంగతి వియన్నా వైద్యులు దాచుకోకుండా 2003లో ప్రచురించారు. ఆ నలుగురు పిల్లల తల్లుల గురించి నేను చాలాసార్లు ఆలోచించాను.

తర్వాత వచ్చిన మలుపు నాకు ముఖ్యం. జర్మనీలోని హానోవర్ వైద్యులు పంది వాల్వ్‌ని వదిలి, చనిపోయిన మనిషి దానంగా ఇచ్చిన వాల్వ్‌లోని కణాలన్నిటినీ కడిగేసి, మిగిలిన పీచు పందిరి మీద రోగి రక్తంలోంచి తీసి పెంచిన కణాలను పరిచారు. 2002లో మోల్డోవాలో ఇద్దరు పిల్లలకు అలాంటి వాల్వ్‌లు పెట్టారు. యూరప్‌లో పేద దేశాల్లో ఒకటి అది. మూడున్నరేళ్ల తర్వాత చూస్తే పిల్లలతోపాటు ఆ వాల్వ్‌ల వెడల్పు కూడా పెరిగిందని 2006లో రాశారు. ఇంకొన్నాళ్లకు తెలిసింది, శుభ్రంగా కడిగిన మనిషి వాల్వ్ అయితే ముందుగా కణాలు పరచకపోయినా ఫలితం బాగుంటోందని. ఒంట్లో పెట్టాక రోగి కణాలే వచ్చి అందులో చేరతాయి. 2021లో అమెరికాలోని మిన్నెసోటాలో ట్రాంక్విలో అనే పరిశోధకుడి బృందం గొర్రె కణాలతో గొట్టాలు పెంచి, కణాలు కడిగేసి, మూడు గొట్టాలు కలిపి కుట్టి వాల్వ్ చేసి గొర్రెపిల్లలకు పెడితే, ఏడాదిలో అవి పిల్లలతోపాటు పెరిగాయి. అంటే ల్యాబ్ చేసే పనిలో పెద్ద వాటా రోగి శరీరమే చేసుకుంటోంది.

ఈ దారి మన తెలుగువాళ్లకు కొత్తది కాదు. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివిన గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు పెట్టిన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో, సున్నం పడో యాసిడ్ పడో కంటి పాప మీద పొర కమ్మిన వాళ్లకు 2001 నుంచి వాళ్ల రెండో కంటి అంచు కణాలనే ల్యాబ్‌లో పెంచి అతికించారు. పదేళ్ల తర్వాత అక్కడి సాంగ్వాన్ గారి బృందం ల్యాబ్‌ అవసరమే లేకుండా చేసింది. బాగున్న కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, ఎనిమిది పది చిన్న తునకలు చేసి, బిడ్డ పుట్టాక వచ్చే మాయ పొర మీద జిగురుతో అంటిస్తే, కన్నే వాటిని పెంచుకుంటుంది. ఖర్చు దిగివచ్చింది. చాలా దేశాల డాక్టర్లు ఇప్పుడు ఆ పద్ధతి వాడుతున్నారు. తాడిగడపలో ఆ ఆసుపత్రి శాఖ ముందునుంచి వెళ్లినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది: కంటికి చేయగలిగినవాళ్లం, గుండెకు మొదలైనా పెట్టలేమా?

ఇక మనకోసం ఇంకెవరూ చేయరని ఎందుకన్నానో చెబుతాను. పైన చెప్పిన ప్రయోగాలు దాదాపు అన్నీ కుడివైపు పల్మనరీ వాల్వ్ మీద జరిగినవి. అక్కడి ఒత్తిడి ఎడమవైపుతో పోలిస్తే అయిదో వంతే. పుట్టుకతో గుండె లోపం ఉన్న పిల్లలకు అదే అవసరం, ధనిక దేశాల్లో కనిపించే అవసరమూ ఎక్కువగా అదే. రుమాటిక్ జబ్బు వాళ్ల దగ్గర చాలామటుకు పోయింది. మన దగ్గర పోలేదు. మా చెల్లి లాంటివాళ్లకు కావలసింది మైట్రల్ వాల్వ్, దారాలతో గుండె కండకు వేలాడే, అన్నిటికంటే కష్టమైన వాల్వ్. దాని మీద ఖర్చు పెట్టాలని బయటివాళ్లకు తొందరేముంటుంది?

ఇంకో ప్రశ్న కూడా మనదే. సొంత కణాల వాల్వ్‌ని కూడా ఆ జ్వరం మళ్లీ కరిస్తే? ఇది ఊరికే వచ్చిన అనుమానం కాదు. రోగి పల్మనరీ వాల్వ్‌నే తీసి, గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే దారిలో ఉండే అయోర్టిక్ వాల్వ్ చోట కుట్టే ఆపరేషన్‌ని లండన్‌లో డొనాల్డ్ రాస్ 1967లో మొదలుపెట్టారు. రుమాటిక్ ఉన్న చిన్నవయసు వాళ్లకు అది చేస్తే, కొందరిలో మార్చిన ప్రాణమున్న వాల్వ్ కూడా అదే జబ్బుకు బలైందని ఢిల్లీ ఎయిమ్స్ సర్జన్లు గమనించి రాశారు. ఆ జ్వరం మళ్లీ రాకుండా మూడు వారాలకోసారి వేసే పెనిసిలిన్ సూది, పెనిడ్యూర్, మానకుండా వేస్తే కడిగిన వాల్వ్ నిలుస్తుందా? రోగి కణాలు వచ్చి చేరే కొద్దీ ప్రమాదం పెరుగుతుందా? దీనికి జవాబు బోస్టన్‌లోనో హానోవర్‌లోనో దొరకదు. ఆ రోగులు ఉన్న చోట, అంటే గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్) ఓపీ వరుసలో దొరుకుతుంది.

అందుకని అడుగుతున్నాను. రేపటికల్లా రోగి కణాలతో వాల్వ్ చేసి ఇమ్మని కాదు. ముందు ఒక వాల్వ్ బ్యాంకు పెట్టండి. గుంటూరు జీజీహెచ్‌లో 2016లోనే గుండె మార్పిడి జరిగింది, ప్రభుత్వ అవయవదాన కార్యక్రమం జీవన్‌దాన్ నడుస్తోంది. మార్పిడికి పనికిరాని గుండెలో కూడా వాల్వ్‌లు బాగుండవచ్చు. వాటిని తీసి, పరీక్షించి, ద్రవ నైట్రోజన్‌లో దాచే పని ఢిల్లీ ఎయిమ్స్‌లో జరుగుతోంది. మంగళగిరి ఎయిమ్స్‌కు అది చేతకానిది కాదు. దాచిన వాటిలో కొన్ని అలాగే పిల్లలకు పనికొస్తాయి. మనుషులకు పెట్టడానికి వీల్లేనివి కడగడం నేర్చుకోవడానికి పనికొస్తాయి. కడగడం అంటే డిటర్జెంట్ ద్రావణాల్లో రోజుల తరబడి తిప్పి, ఒక్క కణం మిగలకుండా, పీచు చెడకుండా చూడటం. నాగార్జున యూనివర్సిటీ బయోటెక్నాలజీ పిల్లలు చేయగల పని ఇది.

గన్నవరం పెద్దలకు ప్రత్యేకంగా ఒక మాట. వాల్వ్ ప్రయోగాలకు లోకమంతా గొర్రెనే వాడుతుంది. దాని గుండె సైజు మన గుండెకు దగ్గర, పైగా గొర్రెపిల్ల ఒంట్లో వాల్వ్ మీద సున్నం తొందరగా పేరుకుంటుంది కాబట్టి లోపం ఏళ్ల తరబడి ఆగకుండా నెలల్లోనే బయటపడుతుంది. మన దగ్గర నెల్లూరు గొర్రె ఉంది, దాన్ని పుట్టినప్పటి నుంచీ ఎరిగిన పశువైద్యులు మీరున్నారు. తిరువనంతపురం శ్రీచిత్ర వైద్య సంస్థలో సర్జన్ వలియత్తాన్ గారి బృందం చేసిన మెటల్ వాల్వ్ కూడా గొర్రెల్లో పరీక్షించాకే మనుషులకు వచ్చింది. మొదటి మూడు నమూనాలు విఫలమయ్యాయి. నాలుగోది నిలిచి 1990 డిసెంబరులో మొదటి రోగికి అమర్చారు. ఇప్పటికి లక్షకు పైగా మందికి పెట్టారు. మూడుసార్లు ఓడిపోయినా ఆ సంస్థ ఆ పని మూసెయ్యలేదు. మా చెల్లి గుండెలో ఉన్నది కూడా ఆ చిత్ర వాల్వే.

హెల్త్ యూనివర్సిటీ వారికి ఇంకో రెండు పనులున్నాయి, వాటికి పరిశోధన కూడా అక్కర్లేదు. వేలి చుక్కతో ఐఎన్ఆర్ చూసే చిన్న మిషన్లు వచ్చాయి, అవి పీహెచ్‌సీల్లో ఉంటే తెల్లవారుజాము బస్సులు తప్పుతాయి. మెటల్ వాల్వ్ ఉన్న ఆడపిల్ల గర్భవతి అయితే ఏం చేయాలో ఒక్క పేజీ కాగితం ప్రతి కాన్పుల వార్డు గోడకు అంటించండి. ఆ ఒక్క కాగితం ఉండి ఉంటే నాకు ఇప్పుడు తొమ్మిదేళ్ల మేనకోడలో మేనల్లుడో ఉండేవాళ్లు.

ఇంకొకటి కూడా మీ దృష్టికి తేవాలి. "స్టెమ్ సెల్స్‌తో గుండె బాగుచేస్తాం" అనే కరపత్రాలు పట్టుకుని మా ల్యాబ్‌కు వచ్చి, అక్కా ఇది నిజమేనా అని అడిగేవాళ్లు ఉన్నారు. రక్త జబ్బులకు చేసే మూలుగ మార్పిడి లాంటివి తప్ప మిగతా స్టెమ్ సెల్ వైద్యం అనుమతి పొందిన ప్రయోగాల్లోనే చేయాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. పొలం అమ్మబోతున్న ఒకాయనకు ఈ సంగతి నేనే చెప్పి ఆపాను. నిజమైన పని మీలాంటి చోట్ల, అందరి కళ్ల ముందు, లెక్కలు చూపిస్తూ జరిగితే ఇలాంటి దుకాణాలకు జనం వెళ్లరు.

ఈ ఉత్తరం రాస్తున్నానని చెల్లికి చెప్పాను. "నాకు పెట్టిన వాల్వ్ నాకు చాల్లే అక్కా, మళ్లీ ఛాతీ తెరిపించుకోను" అంది. కాసేపాగి, తన రక్తం కావాలన్నా, రిపోర్టులన్నీ కావాలన్నా ఇస్తానని రాయమంది. 2010 నుంచి ప్రతి ఐఎన్ఆర్ చీటీ తన దగ్గర ఉంది, ఒక బిస్కెట్ డబ్బా నిండా.

నేను అవయవదాన పత్రం నింపాను. అందులో గుండె, కిడ్నీలు, కళ్లతోపాటు గుండె కవాటాలు అని విడిగా ఒక గడి ఉంది. అందులో టిక్ పెట్టాను. నేను పోయిన రోజున వాటిని గుంటూరు నుంచి ఎక్కడికి తీసుకెళ్లాలో మీరు చెప్పండి.

ఇట్లు,
కొత్తపేట, గుంటూరు నుంచి
ఒక ల్యాబ్ టెక్నీషియన్